మంచుకొండ షిఫ్టు

మంచు మీద జారడంలో నాకున్నంత అనుభవం ఈ గోదావరిఖనిలో ఇంకెవరికీ లేదు. ఏటవాలు దారి, చేతిలో కర్ర, ముందంతా చీకటి, వెనక తోటివాళ్ల కేకలు. ఆ వేగానికి చెవుల్లో గాలి ఈల వేసేది.

నిజం చెప్పాలంటే అది మంచు కాదు, బొగ్గుబాయి. ఇక్కడ గనిని ఎవరూ గని అనరు, బాయి అంటారు. లోపలికి దిగే వాలుదారిలో నీళ్లు కారి బురదైన చోట గమ్‌బూట్ల పట్టు తప్పి, కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే పది గజాలు జారాను. అదీ ఒక్కసారే. ఈల వేసింది గాలి కాదు, నా వెనక వస్తున్న మా బావ. అయినా సరే, మా మనవరాలు "తాతా, ఈసారి స్కీయింగ్‌కి పోదాం" అన్న రోజు పై మాటలన్నీ ఊపిరి తిప్పుకోకుండా చెప్పేశాను. చెప్పినదాన్ని వెనక్కి తీసుకోవడం నాకు అలవాటే. కాకపోతే కొంచెం ఆలస్యంగా తీసుకుంటాను.

మా ఇంట్లో ఐదుగురం. నేను బాయి పని చేసి రిటైరైనవాణ్ణి. మా ఇంటామె ఇంటినీ నన్నూ నడిపిస్తుంది. కొడుకు పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టులో మట్టి మోసే డంపర్ నడుపుతాడు. కోడలు బడిలో సైన్సు చెబుతుంది. ఇంటర్ చదివే మనవరాలు సాయంత్రమైతే చక్రాల బూట్లు కట్టుకుని కాలనీ గ్రౌండులో గాలిపటంలా తిరుగుతుంటుంది. కొన్నేళ్లకొకసారి కొడుక్కి ఎక్కడికైనా వెళ్లి రమ్మని సెలవు దొరుకుతుంది. ఒకసారి విశాఖలో సముద్రం చూశాం, ఒకసారి వేళాంకణి వెళ్లొచ్చాం. ఈసారి ఎక్కడికని అందరం అన్నాల దగ్గర కూర్చుని మాట్లాడుకుంటుంటే పిల్ల ఆ మాట అంది. హిమాచల్ కొండల్లో ఎక్కడో ఒక రిసార్టు ఉందట, కాళ్లకు పొడుగు పలకలు కట్టి మంచు మీద జారడం నేర్పుతారట.

"గక్కడ ఏమున్నదే, చలి తప్ప?" అన్నాడు కొడుకు.

"మంచు ఉన్నది డాడీ. గంతకన్న ఏం గావాలె?"

"చలే గావాలంటే ఫ్రిజ్ తలుపు దెరుచుకొని ముంగట కూసో. అండ్ల గూడ మంచే ఉన్నది."

అందరం నవ్వాం. మా ఇంటామె నవ్వలేదు. కలుపుతున్న ముద్ద పళ్లెంలోనే వదిలేసి మనవరాలి వైపు చూసింది.

"మంచు పడుడు గూడ కనవడ్తదా బిడ్డా? పడ్డంక కాదు. పడుతుంటె."

అలా అడగడానికి ఒక కారణం ఉంది. క్రిస్మస్ వచ్చిందంటే మా చర్చిలో పశువుల పాక కట్టేవాళ్లు వేరే ఉన్నా, దాని మీద మంచు పరిచే పని మాత్రం మా ఇంటామెది. ఎవరూ అప్పజెప్పలేదు, పెళ్లయి ఈ కాలనీకి వచ్చిన ఏడు తనంతట తనే తీసుకుంది. దూదిని వేళ్లతో పీకి, పొరలు పొరలుగా విడదీసి, ఉఫ్ అని ఊది, పాక కప్పు మీదా గొర్రెల వీపుల మీదా పరుస్తుంది. బెత్లెహేములో మంచు పడుతుందా అని నేను అడిగితే, గ్రీటింగ్ కార్డుల్లో పడుతుంది, నోరు మూసుకోమంది. అంతకుముందు క్రిస్మస్‌కు ఆదివారం బడి పిల్ల ఒకతె ఆ దూదిలో చెయ్యి పెట్టి, "అవ్వా, మంచు గిట్లనే వెచ్చగుంటదా?" అని అడిగింది. "లేదు బిడ్డా, చల్లగుంటది" అని చెప్పింది ఈమె. "నువ్వు ముట్టుకున్నవా?" అంది పిల్ల.

ఇంటికి వచ్చి చీరకంటిన దూది దులుపుకుంది. "ఇన్నేండ్లు చేసి పెట్టిన. ఎట్లుంటదో తెల్వకనే చేసి పెట్టిన" అంది. నాకు నవ్వొచ్చింది, నేను బతుకంతా చేసిన పని అదేగా. కానీ ఆమె నాలాంటిది కాదు. తెలియనిదాన్ని తెలిసినట్టు చూపించడం ఆమెకు కాలిలో ముల్లు. ఒక్కసారి మంచు పడుతుంటే చూడాలి, చేత్తో ముట్టుకోవాలి, తిరిగొచ్చాక ఆ పిల్లకు చెప్పాలి. ఆమె మనసులో ఉన్నది ఇంతే. ఇంట్లో అందరికీ అది తెలుసు.

అందుకే కొడుకు తల్లి మొహం చూసి, "సరేనే, పోదాం తియ్యి" అన్నాడు. జనవరిలో వెళ్లాలని అనుకున్నాం.

ఆ రోజు నుంచీ మా ఇంట్లో సాయంత్రాలు మారిపోయాయి. బయట అక్టోబరు ఎండకు గోడలు ఇంకా వేడిగా ఉండేవి. లోపల ఫోను చుట్టూ ఐదు తలకాయలు. ఫోనులో తెల్లటి కొండలు, దేవదారు చెట్లు, ఎర్ర కోట్లు వేసుకుని ఎవరెవరో చప్పుడు లేకుండా జారిపోతుంటారు. చూస్తూ చూస్తూ నాకు కళ్లు మూతపడేవి. మూసిన కళ్లలో కూడా తెలుపే. అయితే నాకు కనిపించేది ఆ కొండ కాదు, మా బాయిలో సున్నపురాయి పొడి చల్లిన దారి. బొగ్గు దుమ్ము అంటుకుని మండకుండా లోపల దారుల్లో గోడలకు, కప్పుకు, నేలకు తెల్లటి రాతిపొడి చల్లేవాళ్లు. కొత్తగా చల్లిన రోజు మొదటగా ఆ దారిలోకి వెళితే, తలకు కట్టిన లైటు ఎటు తిప్పితే అటు తెలుపు. నా అడుగులు నాకే వినిపించేవి కావు. భూమి కింద ఎంతో లోతున, ఎవరూ నడవని తెల్లటి ఊరొకటి ఉన్నట్టు, దానికి నేనొక్కణ్ణే వచ్చినట్టు ఉండేది. అక్కడ కాసేపు ఊరికే నిలబడేవాణ్ణి. ఇంటికొచ్చి మా ఇంటామెకు "ఇయ్యాల్ల బాయిల మంచు పడ్డది" అని చెప్పేవాణ్ణి.

అవన్నీ ఆమె ఓపిగ్గా వినేది. విన్నాక ఎప్పుడూ ఒకటే మాట. "అయింది గద. ఇప్పుడు నిజం చెప్పు."

కోడలు మాత్రం సైన్సు చదివిన మనిషి కదా, ఫోనులో అందాలు చూడదు, అంకెలు చూస్తుంది. "మామా, గంత ఎత్తుల గాలి పల్చగ ఉంటది. మీకు దమ్మొస్తదేమో" అంది ఒకరోజు.

"నాకా? బాయిల ఎంత గాలి ఉంటదో ఎర్కేనా నీకు? చెంచతోని కొలిచి ఇచ్చేటోళ్లు. గండ్లనే పనిజేసి ఇంటికొచ్చి మళ్ల నీ మొగణ్ణి భుజాల మీద ఎక్కించుకొని ఊరేగించిన."

బాయిలోకి గాలి తోలడానికి పెద్ద ఫ్యాను ఉండేది, గాలి బాగానే వచ్చేది. కొడుకును ఊరేగించింది వాడి మేనమామ. ఇక దమ్ము సంగతి. మా డాబా మీదకు వెళ్లే మెట్లు మధ్యలో ఒకచోట మలుపు తిరుగుతాయి. అక్కడి నుంచి రామగుండం కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనిపిస్తాయి. ఈమధ్య నేను ఎక్కిన ప్రతిసారీ ఆ మలుపులో ఆగి పొగగొట్టాలు చూస్తాను. మా ఇంట్లో వాళ్లంతా నాకు ఆ దృశ్యం అంటే ప్రాణం అనుకుంటున్నారు. నేనే అలా చెప్పాను. నిజానికి నాకు ఆ మలుపు దాకా వచ్చేసరికి ఊపిరి అయిపోతుంది. మళ్లీ దొరికే దాకా ఎటో ఒకవైపు చూడాలి కదా.

ఈ మాట బయటపెడితే ఏమవుతుందో నాకు తెలుసు. ప్రయాణం ఆగిపోతుంది. ఆమె నన్ను వదిలి రాదు. అందుకే దాచాను. దాచడంతో ఊరుకోలేదు, రిసార్టు విషయంలో నేనే పెద్ద మేస్త్రీనయ్యాను.

ఒకరోజు ఫోనులో కొండ మీదకు మనుషులను మోసుకెళ్లే తాడు కనిపించింది. తాడుకు కుర్చీలు వేలాడుతున్నాయి. అవి ఆగకుండా వస్తూ పోతూ ఉన్నాయి. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. "ఇది మా మ్యాన్‌రైడింగు గదరా!" అన్నాను. బాయిలో పని చోటు దూరమైనప్పుడు మమ్మల్ని దించడానికి, ఎక్కించడానికి అచ్చం ఇలాంటిదే ఉండేది. తిరుగుతూ ఉండే తాడు, దానికి ఒక పైపు, పైపు చివర చిన్న సీటు. సైకిలెక్కినట్టు అటొక కాలు, ఇటొక కాలు వేసి కూర్చోవాలి. తాడు ఆగదు, ఎక్కడం తెలియాలి.

"మామా, గిది బెంచి లెక్క కనవడ్తుంది" అంది కోడలు.

"దూరంకెల్లి గట్లనే కనవడ్తది. నేనెక్కిన మనిషిని, నాకు జెప్తవా?"

మర్నాడు కొడుకుతో జామచెట్టు కొమ్మకు తాడు కట్టించి, తాడుకు ఇనుప పైపు, పైపుకు పీట బిగించాను. ముందుగా మనవరాలు ఎక్కి నవ్వుతూ దిగేసింది. తర్వాత మా ఇంటామె వంతు.

"చీర గట్టుకొని గిట్లెట్ల కూసుంటరయ్యా, సిగ్గులేకపాయె."

"మంచుల చీరెవరు గడ్తరే? పాయింటు తొడుగుతరు."

లోపలికి వెళ్లి మనవరాలి ట్రాకుప్యాంటు వేసుకుని, పైన చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని వచ్చింది. నేను పీటను దూరంగా లాగి వదులుతాను. అది ఊగుతూ ఆమె దగ్గరికి వస్తుంది.

"తాడు నీకోసం ఆగది. ఎదురు పోవద్దు, ఎనుకకు జరగొద్దు. మోకాలు ఒంచి నిలవడాలె. పైపు వట్టాలె, కాలు దాటియ్యాలె, కూసోవాలె. గంతే."

"గంతేనా? నువ్వు ఎన్నిసార్లు వడ్డవ్?"

"ఒక్కసారి గూడ వడలే."

"ఇప్పుడు నిజం చెప్పు."

"మొదటి దినం మూడుసార్లు వడ్డ."

ఆమె పైపు పట్టుకుని కాలు దాటించి కూర్చుని, కొమ్మ కిర్రుమంటుంటే అటు ఇటు ఊగింది. కాలనీ అంతా గేటు దగ్గర గుమిగూడింది. కాలనీ అంతా అంటే మా బావ, పాలామె, ఒక కుక్క. మా బావ ఎదురింట్లోనే ఉంటాడు, నాతోపాటే రిటైరయ్యాడు, పైన చెప్పిన ఈల అతనిదే.

"ఏం చెల్లె, పార్కు దెరిచిండ్రా? టికెట్టెంత?" అన్నాడు.

"నీకైతే ఫ్రీ అన్నా. రా, ఎక్కు. మీ బావ నూకుతడు."

"వాడు నూకుతె నేను మందమర్రిల వడ్త. వద్దమ్మా."

రోజూ పొద్దున్నే ఒక పావుగంట ఇదే పని. ఆమె ఎంత నేర్పు సంపాదించిందంటే, పీట వెనక నుంచి వస్తున్న చప్పుడు విని, చూడకుండానే ఎక్కేది. ఇది మాత్రం ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

డిసెంబరు వచ్చింది. కొడుకు, "కొండ ఎక్కుడు అలవాటు గావాలె, ఆదివారం చర్చి అయినంక పాత మట్టిగుట్ట ఎక్కుదాం" అన్నాడు. ఓపెన్‌కాస్టు తవ్వేటప్పుడు బొగ్గు మీది మట్టినంతా తీసి పోస్తారు, అది కొండలా పేరుకుంటుంది. మా వైపు కొండలన్నీ మేం పోసినవే. ఆ పాత గుట్ట మీద ఇప్పుడు చెట్లు పెరిగాయి, పైకి నడిచే బాట ఒకటి పడింది.

ఆ ఆదివారం ఎంత పొద్దెక్కినా పొగమంచు విడవలేదు. గుట్ట కింద తవ్విన గుంత అంతా పొగమంచుతో నిండి, అంచుల దాకా వచ్చి ఆగింది. అందులో ఎక్కడో అడుగున డంపర్లు తిరుగుతున్న చప్పుడు నిద్రలో ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించింది. చెట్ల ఆకుల నుంచి చుక్కలు రాలుతున్నాయి. ముందు మనవరాలు, వెనక కొడుకూ కోడలూ ఆ తెలుపులోకి వెళ్లి కనబడకుండా పోయారు. ఆ తర్వాత మా ఇంటామె కొంగు నడుముకు చుట్టుకుని హుషారుగా నడుస్తోంది. ఆమె నడక అంత తేలిగ్గా ఉంటుందని అంతకుముందు నేనెప్పుడూ గమనించలేదు. ఆమె వీపు ఒక్కటే కనిపిస్తోంది, అది కూడా మెల్లమెల్లగా మసకబారుతోంది.

సగం దారిలో నా ఊపిరి అయిపోయింది. చూడటానికి పొగగొట్టాలు కూడా లేవు, అంతా పొగమంచే. ఒక బండ మీద కూర్చున్నాను. పైనుంచి మనవరాలి కేక వినిపించింది. "అవ్వా, జల్ది రా! ఈడంత తెల్లగనే ఉన్నది, మబ్బు మీద నిలవడ్డట్టున్నది!"

ఆమె ఆగింది. ఇంకో యాభై అడుగులు వేస్తే పైకి చేరేది. పైకి చూసింది, వెనక్కి చూసింది. నేను చెయ్యి ఊపాను, పో పో అని. ఆమె దిగి వచ్చి నా పక్కన బండ మీద కూర్చుంది.

"పోకపోతివి? పిల్ల పిలుస్తుంది."

"పైనేముంటది? ఈడనే మంచిగున్నది."

"నేను జర ఈ చప్పుడు ఇందామని కూసున్న."

"ఇను. నేను గూడ ఇంట."

అలా ఇద్దరం కూర్చుని ఏమీ లేని చప్పుడు విన్నాం. అప్పుడు నాకు ఒక్కసారిగా అర్థమైంది. ఆ మంచుకొండ మీద కూడా ఇదే జరుగుతుంది. నేను ఎక్కడ కూర్చుంటే ఈమె అక్కడికి దిగి వస్తుంది. పైన మంచు పడుతూ ఉంటుంది, ఈమె కింద నా పక్కన కూర్చుని ఈడనే మంచిగున్నది అంటుంది. నేను దాచింది ఈమె ప్రయాణం ఆగకూడదని. ఆ దాపరికమే ఈమెను మంచు దాకా పోనివ్వదు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె చిక్కుడుకాయలు తుంచుతుంటే ఎదురుగా కూర్చున్నాను.

"నేను ఆ కొండ మీదికి రాలేనే. మెట్లు ఎక్కుతుంటెనే దమ్మొస్తుంది. ఆ మలుపుల ఆగేది పొగగొట్టాలు చూసెటందుకు కాదు."

తల ఎత్తకుండానే, "అయింది గద. ఇప్పుడు నిజం చెప్పు" అంది.

"ఇదే నిజం."

ఆమె చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ఎవరూ అడగకుండానే నన్ను నేను తగ్గించుకుని చెప్పడం ఆమె మొదటిసారి విన్నది. నమ్మడానికి ఆమెకు రెండు క్షణాలు కూడా పట్టలేదు.

"ఎన్ని దినాల సంది?"

"ఎండకాలం సంది."

"దవాఖానకు పోయినవా?"

"పోలే."

చిక్కుడుకాయల గిన్నె పక్కకు నెట్టేసింది. ఆమెకు కోపం వస్తే అరవదు, పనులు వేగంగా చేస్తుంది. లేచి చీర మార్చుకుంది, చెప్పులు వేసుకుంది, గేటు దగ్గర షేరాటో ఆపింది, నన్ను లోపలికి తోసింది.  డాక్టరు నా వీపు మీద తట్టి విని, ఊది చూపమని ఒక గొట్టం ఇచ్చి, ఛాతీ ఫోటో తీయించి చూశాడు. ఇన్నేళ్ల దుమ్ము ఊపిరితిత్తుల్లో ఉంది, భయపడాల్సింది లేదు, మందులు వాడండి అన్నాడు. ప్రయాణం గురించి ఆమే అడిగింది. కింద ఊరి దాకా నిదానంగా వెళ్లవచ్చట. పైన మంచు వాలుకు మాత్రం నేను వెళ్లకూడదట.

ఇంటికి రాగానే కొడుకుతో, "టికెట్లు వద్దని చెప్పు. ఎవ్వలం పోతలేం" అంది.

"అమ్మా, బాపు కింద ఊర్లె ఉంటడు, మనం పైకి పోయి సాయంత్రానికి దిగొస్తం. ఒక్క దినమే గద" అన్నాడు కొడుకు.

"ఒక్క దినమైతేంది? ఎరుగని ఊర్లె మనిషిని ఒక్కణ్ణి ఇడిచిపెట్టి నేను మంచుల ఆడుకోవాల్నా? మీరు పోండ్రి. నేను ఈయనతోని కూసుంట."

"నేనేమన్న చిన్నపోరన్నా?" అన్నాను.

"నువ్వు మాట్లాడకు. నీ మాట ఎవ్వలకు గావాలె?"

రెండు రోజులు అంతే. జామచెట్టు కింద పీట గాలికి దానంతట అదే ఊగింది. మనవరాలు ఫోను తెరవలేదు. మా బావ వచ్చి గేటు దగ్గర నిలబడి ఇంటి వాసన పట్టి, అటునుంచటే వెళ్లిపోయాడు.

మూడో రోజు ఆమె డాబా మీద వడియాలు ఎండబెడుతుంటే వెళ్లాను. మలుపులో ఆగాను, ఈసారి ఊరికే ఆగాను, సాకులేమీ చెప్పకుండా. ఆమె పైనుంచి చూస్తూనే ఉంది. పైకి చేరాక పిట్టగోడ పట్టుకుని ఊపిరి తీసుకున్నాను. ఆమె నీళ్లిచ్చింది.

"ఒక మాట ఇంటవా?"

"చెప్పు. నిజమైతేనే."

"నా సర్వీసంత నన్ను బాయిలకు తోలి ఇంట్ల ఉన్నవ్. ఫస్టు షిఫ్టు, సెకండు షిఫ్టు, రాత్రి షిఫ్టు. ఒక్క దినమన్న, నేను గూడ దిగుత, నీతోనే ఉంట అన్నవా? టిఫిన్ గిన్నె గట్టినవ్, పంపినవ్, తలుపు కాడ నిలవడ్డవ్. నేనొచ్చి ఏం చెప్తె అది ఇన్నవ్. ఈసారి డ్యూటీ నీది. నేను ఇంట్ల ఉన్నట్టు కింద ఊర్లె ఉంట. నీకు గిన్నె నేను గడ్త."

ఆమె వడియాల మీద పలచటి గుడ్డ కప్పింది. ఒక అంచు సర్దింది, మళ్లీ రెండో అంచు సర్దింది.

"ఉంటవా? అబద్ధం చెప్పకుండ?"

"ఉంట."

"నీకు బాధనిపియ్యదా?"

"అనిపిస్తది. నీకు అనిపియ్యలేదా మరి, ఇన్నేండ్లు?"

ఆమె నా చేతిలోని గ్లాసు తీసుకుని కిందికి దిగింది. సాయంత్రం కొడుకుతో, "పైకి పోయేటోళ్లం నలుగురం. మీ బాపుకు కింద ఊర్లె, ఎండ మంచిగ వడే అర్ర చూడు" అంది.

జనవరిలో రామగుండంలో రైలెక్కి ఢిల్లీ, అక్కడి నుంచి బస్సులో కొండలకు వెళ్లాం. నేను దారిలో ఎవరికీ ఏమీ పెంచి చెప్పలేదు. ఒక్క సర్దార్జీకి మాత్రం, మా ఊళ్లో కొండలన్నీ నేనే పోశానని చెప్పాను. అందులో కొంత నిజం ఉంది.

కింద ఊళ్లో మంచు లేదు. ఎండ ఉంది, నీలం ఆకాశం ఉంది, ఎత్తుగా ఎక్కడో తెల్లటి గీత. ఆ పొద్దున నేను హోటలు వంటతణ్ణి బతిమాలి చపాతీలు చేయించి, ఇంటి నుంచి తెచ్చిన మామిడి తొక్కు పెట్టి స్టీలు గిన్నె కట్టాను. మూత గట్టిగా పట్టలేదు, ఆమె మళ్లీ విప్పి కట్టుకుంది. అద్దెకు తెచ్చిన నీలం కోటు, పెద్ద బూట్లు. అందులో మా ఇంటామె వేరే ఎవరిలాగో ఉంది. జీపు దాకా నడిచింది. ఎక్కేముందు ఒక్కసారి తిరిగి చూస్తుందేమో అనుకున్నాను, చూడలేదు. ఏదో చెప్పడం మరిచిపోయినట్టు నా గొంతు దాకా ఒక మాట వచ్చింది. మింగేశాను. డ్యూటీకి పోయే మనిషిని మా ఇళ్లలో వెనక నుంచి పిలవరు.

ఆ రోజంతా ఎండలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఎదురుచూడటం ఖాళీగా కూర్చోవడం కాదని, అదీ ఒక పనేనని అప్పటిదాకా నాకు తెలియదు. కొండ మీదికి మబ్బు వచ్చినప్పుడల్లా ఇప్పుడు పడుతుంటుంది అనుకునేవాణ్ణి. మబ్బు పోతే, అయ్యో ఆగిపోయింది అనుకునేవాణ్ణి. మధ్యాహ్నానికి ఆ తెల్లటి గీత కూడా మబ్బులో కలిసిపోయింది. కొండే లేనట్టయింది. అప్పుడు మాత్రం కొంచెం భయమేసింది. దిగి వచ్చేవాళ్ల జీపులు చూశాను, ఇవి వాళ్లవి కావు, ఇవి కూడా కావు అని లెక్కపెట్టాను. ఆమె ఇన్నేళ్లు ఇలాగే బాయి సైరను విన్నది కదా అనిపించింది.

పొద్దు వాలుతుంటే వచ్చారు. మనవరాలు జీపులోంచి దూకుతూనే, "తాతా! నీ మ్యాన్‌రైడింగు సల్లగుండ! అది బెంచే!" అని అరిచింది. పైన తాడు కుర్చీలు ఇద్దరు కూర్చునే బెంచీలట. మా ఇంటామె మోకాలు వంచి, పైపు పట్టి, కాలు ఎత్తి బెంచీ మీదుగా దాటించబోయిందట. అక్కడి మనిషి మాతాజీ మాతాజీ అని అరుస్తూ ఆమెను రెండు చేతులా పట్టి కూర్చోబెట్టాడట. బెంచి అని ముందే చెప్పిన కోడలు నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపే ఎక్కువైంది. కొడుకు పలకలు కట్టుకుని ఏడుసార్లు పడ్డాడట. పిల్ల మాత్రం పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నట్టు జారిందట.

అందరూ ఒకేసారి చెబుతున్నారు. ఆమె ఒక్కతే చెప్పడం లేదు. మొహం ఎర్రగా కందింది, కళ్లు ఎక్కడో ఉన్నాయి. గదిలోకి వచ్చి, కోటు విప్పకుండానే మంచం అంచున కూర్చుంది.

"పడ్డదా?" అన్నాను.

"పడ్డది."

"ముట్టుకున్నవా?"

"ఆఁ."

"ఎట్లున్నది?"

అరచెయ్యి తిప్పి చూసుకుంది. "చెప్త తియ్యి. జర కూసోనీ" అంది. అలాగే ఒరిగి నిద్రపోయింది. నేను బూట్లు విప్పాను.

ఇప్పటికి మూడు నెలలైంది. ఆమె ఒకేసారి చెప్పే మనిషి కాదు. తిరుగు రైల్లో ఒక ముక్క చెప్పింది: మంచు మొదట కోటు మీద పడ్డాక కొంచెంసేపు అట్లాగే ఉంటుందట, కరగదట, చూసుకునే టైమిస్తుందట. బియ్యం ఏరుతూ ఇంకో ముక్క చెప్పింది: నోరు తెరిచి నిలబడితే నాలుక మీద పడి, రుచి ఏమీ ఉండదట, ఏమీ లేని రుచే ఒక రుచట. ఇంకోసారి చర్చి నుంచి నడిచి వస్తూ, తెల్లగా ఉంటుంది అంటాం గానీ దగ్గరికి వెళ్తే కొంచెం నీలంగా ఉందంది. నేను మధ్యలో మాట కలపను. ఇది ఎక్కువ చెప్పావు, ఇది తక్కువ చెప్పావు అనను. నేను చూడనిది, నాకు దొరకనిది, ఆమె చేతుల మీదుగా కొంచెం కొంచెంగా నా దగ్గరికి వస్తోంది. ఎంతిస్తే అంత తీసుకుంటున్నాను.

నిన్న సాయంత్రం గోంగూర ఆకు తెంపుతూ ఉన్నట్టుండి తల ఎత్తింది.

"అవును గని, సగం దారిల ఆ కుర్చీ ఆగిపోయింది చెప్పిన్నా నీకు? కింద అంత తెలుపే, నేనూ పిల్లా గాలిల ఊగుకుంట?"

"చెప్పలే" అన్నాను. నా కుర్చీ ఆమె దగ్గరికి లాక్కున్నాను.